డిజిటల్ పౌరసత్వ బోధన – తరగతి గది కృత్యాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
బాలలకు సాంకేతికతను, డిజిటల్ పౌరసత్వాన్ని కృత్యాల ద్వారా బోధించే పాఠ్యసామగ్రి గత కొన్ని దశాబ్దాలలో విస్తారంగా వెలువడింది. వాటిలో గూగుల్ సంస్థ రూపొందించిన ‘బి ఇంటర్నెట్ ఆసమ్’, అమెరికాకు చెందిన ‘కామన్ సెన్స్’ సంస్థ పాఠ్యప్రణాళిక, న్యూజిలాండ్‌లో రూపుదిద్దుకున్న ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ అనే మూడింటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటి రెండింటి ప్రాథమిక పాఠాలలో పౌరసత్వం బాలల జాగ్రత్తకే పరిమితమైందని, యంత్రం పనితీరును వివరించే మూడవదానిలో పౌరుడి ప్రస్తావన అరుదని, ఈ రెండూ వేరుపడటమే ప్రధాన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డిజిటల్ పౌరసత్వం, కృత్యాధార బోధన, గోప్యత, బాలల హక్కులు, పాఠ్యప్రణాళిక విమర్శ.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ‘కృత్యం’ అనే మాట కొత్తది కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాతి దశాబ్దంలో రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనాసూత్రాలను ఉపాధ్యాయుల ముందు ఉంచింది. అభ్యసన కృత్యాలు కల్పించడం, అన్వేషణ ద్వారా నేర్చుకోనివ్వడం, స్థానిక పరిసరాలను వినియోగించడం వాటిలో ఉన్నాయి. ఆ పథకం ఎంతవరకు సఫలమైందన్నది వేరే చర్చ. అది ఒక కొలబద్దనైతే మిగిల్చింది. పిల్లలు లేచి తిరిగినంత మాత్రాన, రంగుకాగితాలు కత్తిరించినంత మాత్రాన అది కృత్యం కాదు. ఉపాధ్యాయుడు ముందుగా చెప్పని విషయం ఏదో ఒకటి కృత్యం ముగిసేసరికి పిల్లవాడి అనుభవంలోకి రావాలి. అలా రాకపోతే అది ఆట వేషం వేసుకున్న వల్లెవేతే.

డిజిటల్ పౌరసత్వం పేరిట వెలువడిన పాఠ్యసామగ్రిపై వచ్చే సమీక్షలు సాధారణంగా ఎన్ని పాఠాలున్నాయి, ఏయే నైపుణ్యాలను స్పృశిస్తాయి, పిల్లలకు ఆసక్తి కలిగిస్తున్నాయా అన్న అంశాల దగ్గరే ఆగిపోతాయి. పై కొలబద్దను అనుసరిస్తే ప్రశ్న మారుతుంది. ఈ కృత్యాలలో పిల్లవాడు ఏమి కనిపెడుతున్నాడు? ఏది కనిపెట్టే అవకాశం అతనికి లేకుండా పోతున్నది?

2. పౌరసత్వం అనే మాట:

‘డిజిటల్ పౌరసత్వం’ అన్న భావనను విద్యారంగంలో స్థిరపరచినవారిలో మైక్ రిబుల్ ముఖ్యుడు. గెరాల్డ్ బెయిలీతో కలిసి ఆయన రాసిన పుస్తకం 2007లో వెలువడింది. అందులో డిజిటల్ పౌరసత్వానికి తొమ్మిది అంశాలను చెప్పారు. మర్యాద, భద్రత, ఆరోగ్యం వంటివాటితోపాటు అందుబాటు, చట్టం, హక్కులు–బాధ్యతలు కూడా ఆ తొమ్మిదిలో ఉన్నాయి. తరువాతి కాలపు పాఠాలలో మర్యాద, భద్రత పెద్ద ఎత్తున పెరిగాయి. అందుబాటు, హక్కులు క్రమంగా పక్కకు జరిగాయి.

ఈ జరుగుబాటు తెలుగు పాఠకుడికి స్పష్టంగా కనిపించడానికి ఒక కారణం ఉంది. తెలుగులో ‘పౌరసత్వం’ అనే మాటకు సాంఘికశాస్త్ర పుస్తకం నుంచి వచ్చిన బరువు ఉంది. భారత రాజ్యాంగం రెండవ భాగం పౌరసత్వాన్ని, మూడవ భాగం ప్రాథమిక హక్కులను చెబుతాయి. ప్రాథమిక విధులు 42వ సవరణ ద్వారా 1976లో వచ్చి చేరాయి. హక్కులు మొదట, విధులు ఆ తరువాత అన్న క్రమంలోనే పౌరశాస్త్రం చదువుకున్న విద్యార్థి, ‘డిజిటల్’ అన్న విశేషణం చేరగానే విధులు మాత్రమే మిగిలిన పౌరసత్వాన్ని చూస్తాడు. ఆ పాఠాలలో ఉన్నది చాలావరకు పౌరనీతి, మరికొంత సత్ప్రవర్తన. వాటిని ఆ పేర్లతోనే పిలిస్తే అభ్యంతరం ఉండదు.

3. నలుగురు ప్రతినాయకులు:

గూగుల్ సంస్థ 2017 జూన్‌లో ‘బి ఇంటర్నెట్ ఆసమ్’ను ప్రారంభించింది. కుటుంబ అంతర్జాల భద్రతా సంస్థ, ఇంటర్నెట్ కీప్ సేఫ్ కొయలిషన్, కనెక్ట్ సేఫ్లీ వంటి సంస్థలు ఇందులో సహకరించాయి. ఉపాధ్యాయుల కోసం పాఠ్యప్రణాళిక, పిల్లల కోసం ‘ఇంటర్‌ల్యాండ్’ అనే ఆట దీనిలోని రెండు ప్రధాన భాగాలు. ఆలోచించి పంచుకోవడం, నకిలీకి మోసపోకపోవడం, రహస్యాలను భద్రపరచుకోవడం, దయగా ఉండటం, అనుమానం వస్తే పెద్దలతో మాట్లాడటం అనే ఐదు సూత్రాల చుట్టూ పాఠాలు అల్లుకున్నాయి.

ఈ సామగ్రిలో మెచ్చదగినవి ఉన్నాయి. వేధింపును చూస్తూ ఊరుకునే ప్రేక్షకుడికి, బాధితుడి పక్షాన నిలబడే తోటివాడికి మధ్య తేడాను పిల్లలచేత చర్చింపజేసే పాఠం తరగతి గదిలో నిజంగా అవసరమైనదే. ఆ తేడా తెర మీదనే కాక బడి ఆవరణలోనూ పనికివస్తుంది. అనుమానం వస్తే పెద్దలకు చెప్పమనే పాఠాన్ని మొదటినుంచీ ఒక విడి సూత్రంగా నిలపడం కూడా వివేకంతో చేసిన పనే.

ఇబ్బంది ఆట దగ్గర మొదలవుతుంది. ఇంటర్‌ల్యాండ్ ఒక కాల్పనిక లోకం. అందులో నది, కొండ, కోట, రాజ్యం ఉంటాయి. ఆ లోకంలో పిల్లవాడు ఎదుర్కోవలసిన దుష్టులు నలుగురు: ఖాతాల్లోకి చొరబడేవాడు, వల వేసి మోసగించేవాడు, వేధించేవాడు, అతిగా పంచుకునేవాడు. కథాశిల్ప పరంగా చూసినా ఈ పాత్రల ఎంపిక ఆలోచింపజేస్తుంది. నలుగురూ వ్యక్తులే. నాలుగవవాడు సాటి పిల్లవాడు, ఒక్కోసారి ఆడుతున్న పిల్లవాడే. నది ఎందుకు అలా ప్రవహిస్తున్నదో, కొండ మీద ఆ అద్దాలను ఎవరు నిలబెట్టారో, కోట తాళాల తయారీదారు ఎవరో ఆ కథలో ప్రశ్నలు కావు. జానపద కథలో అడవి ఎలా ఉందో ఇక్కడ అంతర్జాలం అలా ఉంది: ఎవరూ నిర్మించనిది, సహజంగా ఉన్నది, జాగ్రత్తగా దాటవలసినది.

అంతర్జాలం అడవి కాదు. దానిలో ఏది మొదట కనిపించాలి, ఏ మీట పెద్దదిగా ఉండాలి, ఒక వీడియో ముగియగానే తరువాతది తనంతట తాను మొదలుకావాలా అన్నవి మనుషులు తీసుకున్న నిర్ణయాలు. ‘ఎక్కువగా పంచుకోకు’ అని పిల్లవాడికి చెప్పే పాఠం, పంచుకోవడాన్ని అంత సులభంగా, పంచుకోకపోవడాన్ని అంత కష్టంగా ఎవరు నిర్మించారని అడగదు. గ్రంథాలయ, సమాచారశాస్త్ర పరిశోధకులు ఈ లోపాన్ని 2018లోనే ఎత్తిచూపారు. పాఠాలు ప్రమాదాన్ని తోటి వాడుకరుల మీదకు మళ్ళించి, సంస్థ స్వయంగా చేసే సమాచార సేకరణను చూపు నుంచి తప్పిస్తున్నాయన్నది ఆ విమర్శ సారాంశం.

ఆ విమర్శకు ఏడాది తరువాత జరిగిన పరిణామాన్ని పక్కన పెట్టి చూడాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల సమాచారాన్ని యూట్యూబ్ సేకరించిందన్న ఆరోపణల మీద 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్ సంస్థలు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోను, న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌తోను 17 కోట్ల డాలర్ల చెల్లింపుకు రాజీ పడ్డాయి. బాలల అంతర్జాల గోప్యత రక్షణకై అమెరికా 1998లో చేసిన చట్టం ఆ వ్యవహారానికి ఆధారం. పాఠం రాసిన ఉద్యోగులకు, ఆ వ్యవహారానికి సంబంధం లేకపోవచ్చు. అయినా ‘సమాచారాన్ని ఆచితూచి పంచుకో’ అన్న పాఠాన్ని చదివే పిల్లవాడికి ఆ సమాచారం తాను పంచుకోకపోయినా సేకరణకు గురికావచ్చునన్న సంగతి, అందుకు ఒక చట్టం ఉన్నదన్న సంగతి తెలియవలసినవే.

పాఠంలోని భాష కూడా ఈ దృష్టికి తోడ్పడింది. ‘రహస్యాలను భద్రపరచుకో’ అన్న సూత్రం సంకేతపదాల గురించి చెప్పేటప్పుడు సరిపోతుంది. కానీ రహస్యం వేరు, గోప్యత వేరు. దాచవలసినదేదో ఉన్నవాడికి రహస్యం కావాలి. దాచవలసినది ఏమీ లేనివాడికి కూడా గోప్యత హక్కు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. గూగుల్ పాఠాలు వెలువడినదీ, ఈ తీర్పు వచ్చినదీ ఒకే ఏడాది, రెండు నెలల తేడాతో. ఒకదానిలో గోప్యత పిల్లవాడి నేర్పు, మరొకదానిలో పౌరుడి హక్కు. భారతీయ తరగతి గదిలో మొదటిదాన్ని బోధిస్తూ రెండవదాన్ని విడిచిపెడితే ఆ పాఠానికి పౌరసత్వమన్న పేరు తగదు.

‘డిజిటల్ పాదముద్ర’ అన్న రూపకం మరొక ఉదాహరణ. పిల్లవాడు నడిచాడు కాబట్టి ముద్ర పడిందని ఆ మాట చెబుతుంది. ఆ ముద్ర చెరగదని పాఠాలు హెచ్చరిస్తాయి. నిజానికి అడుగు దానంతట అది నమోదు కాదు. నమోదు చేసే యంత్రాన్ని ఎవరో ఏర్పాటు చేస్తారు. చెరగదన్న మాట కూడా సగం నిజమే. భారత పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన సమాచారాన్ని సరిదిద్దమని, తొలగించమని అడిగే హక్కును పౌరుడికి ఇచ్చింది. అదే చట్టం 18 ఏళ్ల లోపు వారిని బాలలుగా నిర్వచించి, వారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని చెప్పింది. మినహాయింపులకు లోబడి, బాలల కదలికలను వెంబడించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను నిషేధించింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలు దశలవారీగా సాగుతుంది. పాఠం ‘చెరగదు’ అని భయపెడుతుంటే చట్టం ‘చెరపమని అడుగు’ అంటున్నది. ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపితే అదే ఒక మంచి కృత్యం.

4. వలయాలు, ప్రతిజ్ఞలు:

కామన్ సెన్స్ లాభాపేక్ష లేని సంస్థ. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ జీరో పరిశోధకుల సహకారంతో రూపొందిన దాని పాఠ్యప్రణాళికలో గూగుల్ సామగ్రిలో లేని క్రమవికాసం ఉంది. చిన్న తరగతులలో తెర ముందు గడిపే సమయంతో మొదలై పై తరగతులలో భారీ సమాచార సేకరణ వరకు పాఠాలు సాగుతాయి. ప్రాథమిక స్థాయిలో ప్రసిద్ధమైనది ‘బాధ్యతా వలయాలు’ అన్న కృత్యం. పిల్లలు తమపట్ల, తమ సమాజంపట్ల, ప్రపంచంపట్ల ఉన్న బాధ్యతలను ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్న వృత్తాలలో రాస్తారు. ఊహకు అందే చక్కని బొమ్మ అది. అయితే ఆ వలయాలన్నీ లోపలి నుంచి బయటికే విస్తరిస్తాయి. సమాజం పిల్లవాడికి ఏమి బాకీ పడిందన్న ప్రశ్న ఆ బొమ్మలో లేదు. వృత్తాలను తలకిందులు చేసి, బయటి నుంచి లోపలికి బాణాలు గీయమంటే సరిపోయేది.

కాలిఫోర్నియా 2018లో చేసిన వినియోగదారుల గోప్యతా చట్టానికి మద్దతుగా నిలిచిన సంస్థలలో కామన్ సెన్స్ ఒకటి. పెద్దలకు చట్టం కావాలని చట్టసభ ముందు వాదించిన సంస్థ పిల్లల తరగతిలో మాత్రం ఎక్కువగా ప్రతిజ్ఞలు చేయిస్తుంది. ప్రతిజ్ఞల విషయంలో తెలుగు పాఠశాలకు పాఠాలు అక్కరలేదు. దేశమంతటా పిల్లలు ప్రతి ఉదయం చెప్పే ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో తెలుగులోనే రాశాడు.

5. కంప్యూటరు లేని కంప్యూటరు పాఠం:

మూడవది పూర్తిగా వేరే దారి పట్టిన పుస్తకం. టిమ్ బెల్, ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్ 1990లలో రూపొందించిన ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’లో విద్యుత్తు అవసరమైన పరికరం ఒక్కటీ లేదు. కార్డులు, సుద్దముక్కలు, తాళ్లు, కాగితాలు ఉంటే చాలు. ప్రభుత్వ పాఠశాలలో కంప్యూటరు గది తాళం తెరుచుకోని రోజున కూడా నడవగల పాఠాలివి.

ద్విసంఖ్యామానపు కృత్యం చాలామందికి తెలిసినదే. ఐదుగురు పిల్లలు వరుసగా 16, 8, 4, 2, 1 చుక్కలున్న కార్డులు పట్టుకుంటారు. 11 కావాలంటే 8, 2, 1 కార్డులు కనిపించాలి, మిగిలినవి వెనక్కి తిరగాలి. సున్నా నుంచి 31 వరకు ప్రతి సంఖ్యా వస్తుందని, ఏ సంఖ్యా రెండు విధాలుగా రాదని, చిన్న కార్డులన్నిటి మొత్తం తరువాతి కార్డుకంటే ఒకటి తక్కువని పిల్లలు తామే గమనిస్తారు. ఇక్కడ అన్వేషణ అన్న మాట అక్షరాలా నిజమవుతుంది.

క్రమపరిచే జాలం మరింత ఉల్లాసకరమైనది. తొక్కుడుబిళ్లకు గడులు గీసినట్లే నేల మీద సుద్దతో దారులు, కూడళ్లు గీస్తారు. ఆరుగురు పిల్లలు తలా ఒక సంఖ్యతో ఒక చివర నిలబడతారు. ఇద్దరు కలిసిన ప్రతి కూడలిలో సంఖ్యలు పోల్చుకుంటారు. చిన్నది ఎడమకు, పెద్దది కుడికి వెళ్తుంది. అవతలి చివరకు చేరేసరికి ఆరుగురూ వరుసక్రమంలో ఉంటారు. ఎవరూ మొత్తం వరుసను చూడలేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు, అయినా క్రమం ఏర్పడింది. సెమౌర్ పాపర్ట్ 1980లో ‘మైండ్‌స్టార్మ్స్’ రాసినప్పుడు ఆశించినది ఇటువంటి అనుభవాన్నే. యంత్రం పిల్లవాడిని నడిపించడం కాక పిల్లవాడే యంత్రాన్ని నడిపించాలన్నది ఆయన పట్టుదల. లోగో భాషలోని తాబేలు ఎలా తిరుగుతుందో పిల్లలు తమ శరీరంతో నడిచి తెలుసుకోవాలని ఆయన కోరాడు.

అయితే ఈ పుస్తకానికీ ఒక మౌనం ఉంది. నేల మీది జాలానికి ఏ సంఖ్య ఇచ్చినా క్రమపరుస్తుంది. పుట్టినతేదీ అయినా, మార్కులైనా, తండ్రి ఆదాయమైనా దానికి ఒకటే. ‘ఈ వరుస ఏ సంఖ్య ప్రకారం వచ్చింది? ఆ సంఖ్యను ఎవరు ఎంచుకున్నారు?’ అన్న ప్రశ్న దగ్గరే సాంకేతికత పౌరశాస్త్రంలోకి ప్రవేశిస్తుంది. మార్కుల ప్రకారం సెక్షన్లు విడగొట్టే కార్పొరేటు కళాశాలలను ఎరిగిన తెలుగు పిల్లలకు ఆ ప్రశ్న అర్థం కావడం కష్టమేమీ కాదు. పుస్తకం మాత్రం ఆ గడప దగ్గర ఆగింది. గూగుల్ పాఠాలలో యంత్రం కనిపించకపోతే, ఇక్కడ యంత్రం చుట్టూ ఉన్న సమాజం కనిపించదు.

విస్తృత కూర్పులోని గూఢలిపి విభాగంలో ఉన్న ఒక కృత్యం ఈ మాటకు మినహాయింపు. దాని పేరు ‘రహస్యాలు పంచుకోవడం’. సమస్య ఇది: ఒక బృందంలోని వారంతా తమ వయసుల సగటు తెలుసుకోవాలి, కానీ ఎవరి వయసూ మరొకరికి తెలియకూడదు. వినగానే అసాధ్యమనిపిస్తుంది. పరిష్కారం మాత్రం కూడికలు వచ్చిన పిల్లలకు అందేంత తేలిక.

నలుగురు పిల్లలను తీసుకుందాం. మొదటివాడు మనసులో ఒక మూడంకెల సంఖ్య, ఉదాహరణకు 613, అనుకుంటాడు. దానికి తన వయసు 9 కలిపి 622 అని చీటీ మీద రాసి రెండవ పిల్లకు మాత్రమే ఇస్తాడు. ఆమె తన వయసు 10 కలిపి 632 అని కొత్త చీటీ రాసి మూడవవాడికి ఇస్తుంది. అతడు 9 కలిపి 641, నాలుగవ పిల్ల 12 కలిపి 653 చేస్తారు. ఆఖరి చీటీ మొదటివాడి చేతికి తిరిగి వస్తుంది. అతడు తన రహస్యసంఖ్య 613 తీసివేస్తే 40 మిగులుతుంది. నలుగురికి సగటు 10 ఏళ్లు. చీటీ అందుకున్న వారెవరికీ ముందున్నవారి వయసు తెలియలేదు, ఎందుకంటే మొదటి సంఖ్య ఏమిటో వారెవరికీ తెలియదు.

ఈ చిన్న ఆట గూగుల్ పాఠాల మూలసూత్రాన్నే ప్రశ్నిస్తుంది. అక్కడ పిల్లవాడి ముందున్నవి రెండే దారులు: చెప్పడం, చెప్పకపోవడం. సేవ కావాలంటే చెప్పాలి, చెబితే ప్రమాదం, కాబట్టి ఆచితూచి చెప్పాలి. ఇక్కడ మూడవ దారి తెరుచుకుంటుంది. సమాచారాన్ని బయటపెట్టకుండానే దానితో జరగవలసిన పని జరగవచ్చు. అంటే గోప్యత కేవలం వాడేవాడి జాగ్రత్త మీద ఆధారపడిన గుణం కాదు, వ్యవస్థను నిర్మించేటప్పుడే అందులో పెట్టగలిగినది, పెట్టకుండా వదిలేయగలిగినది కూడా. ఈ సంగతి ఒకసారి చేతులతో చేసి చూసిన పిల్లవాడు రేపు ఏదైనా యాప్ తన పుట్టినతేదీ, ఊరు, ఫోటోలు అడిగితే ‘ఇవ్వాలా వద్దా’ అన్నదాంతో ఆగకుండా ‘ఈ పనికి ఇవి ఎందుకు’ అని కూడా అడగగలడు. రెండవది పౌరుడు అడిగే ప్రశ్న.

కృత్యంలోని లొసుగు కూడా అంతే విలువైనది. మొదటివాడు 622 ఇచ్చాడు, మూడవవాడికి 632 అందింది. వారిద్దరూ చాటుగా కలిసి తమ చీటీలు పోల్చుకుంటే మధ్యనున్న పిల్ల వయసు 10 అని తెలిసిపోతుంది. అటు ఇటు ఉన్న ఇద్దరు కుమ్మక్కైతే నడిమివారికి రక్షణ లేదు. ఈ బలహీనతను ఉపాధ్యాయుడు ముందుగా చెప్పనవసరం లేదు. అల్లరి పిల్లలున్న ఏ తరగతిలోనైనా రెండవ ఆవృత్తికే అది బయటపడే అవకాశం ఉంది. రెండు సంస్థలు తమ దగ్గరున్న వివరాలను జతచేసుకుంటే ఏమవుతుందో వివరించడానికి ఇంతకంటే పొట్టి పాఠం దొరకదు.

6. ఒక ఇల్లు, ఒక ఫోను:

ఈ మూడు సామగ్రులను తెలుగు తరగతి గదికి తెచ్చుకునేటప్పుడు అనువాదం కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పాశ్చాత్య పాఠాలు ఎక్కువగా ఒక పిల్లవాడికి ఒక పరికరం, ఒక ఖాతా, ఒక సంకేతపదం ఉన్నట్లు ఊహిస్తాయి. గ్రామీణ తెలుగు కుటుంబాలలో తరచుగా ఫోను ఇంటిల్లిపాదిదీ. పగలు తండ్రి జేబులో ఉంటుంది, సాయంత్రం పిల్లల చేతికి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినది పిల్లలే అయిన చోట నానమ్మ ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివిపెట్టేది మనవరాలే, పింఛను వివరాలు చూసిపెట్టేదీ ఆమే. ‘సంకేతపదం తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ చెప్పకు’ అన్న సూత్రం ఆమెకు సగమే పనికివస్తుంది, ఎందుకంటే పెద్దల సంకేతపదాలు ఆమె దగ్గర ఉన్నాయి. ఆమె ఆ ఇంటికి డిజిటల్ గుమాస్తా. ఈ పాత్రకు తగిన కృత్యం పైన పరిశీలించిన ప్రాథమిక పాఠాలలో కనిపించదు.

కేరళ ఈ దిశగా ఒక అడుగు వేసింది. ప్రభుత్వ విద్యాసాంకేతిక సంస్థ ‘కైట్’ 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరిట ఉన్నత పాఠశాలలలో విద్యార్థి సంఘాలను ఏర్పరచింది. 2022లో ఆ సంఘాల పిల్లలే తల్లులకు సైబర్ భద్రతలో శిక్షణ ఇచ్చారు. పిల్లవాడిని రక్షణ పొందవలసినవాడిగా మాత్రమే చూడక, ఇంటికి తెలియజెప్పగలవాడిగా గుర్తించిన పద్ధతి ఇది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు బైజూస్ పాఠ్యాంశాలతో కూడిన ట్యాబులను పంపిణీ చేసింది. పరికరం చేతికి వచ్చింది కాబట్టి అందుబాటు సమస్య కొంత తీరిందనుకోవచ్చు. ఆ పరికరం ఏమి నమోదు చేస్తుంది, ఎవరికి పంపుతుంది అన్నది ఆ విద్యార్థి సాంఘికశాస్త్ర తరగతిలో అడగదగిన ప్రశ్న. ఇది అనవసరమైన అనుమానం కాదు. కొవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన విద్యా ఉపకరణాలను పరిశీలించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2022 మేలో వెలువరించిన నివేదిక, వాటిలో అత్యధిక భాగం బాలల సమాచారం విషయంలో వారి హక్కులకు భంగకరంగా వ్యవహరించాయని చెప్పింది. పరిశీలించిన వాటిలో భారత ప్రభుత్వపు దీక్ష కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సంఘం డిజిటల్ పరిసరాలపై తన 25వ సాధారణ వ్యాఖ్యను 2021లోనే వెలువరించి, ఈ బాధ్యతను ప్రభుత్వాల మీద, వ్యాపార సంస్థల మీద ఉంచింది. పిల్లల పాఠ్యపుస్తకంలోకి ఆ బాధ్యత ఇంకా పూర్తిగా చేరవలసే ఉంది.

పైన చెప్పిన చీటీల కృత్యాన్ని ఈ నేల మీదకు తెచ్చుకోవడానికి వయసు సరైన ఉదాహరణ కాదు. ఒకే తరగతి పిల్లల వయసు దాచవలసిన విషయం కాదు, హాజరుపట్టీలో ఉండనే ఉంది. ‘మీ ఇంట్లో స్మార్ట్ ఫోన్లు ఎన్ని?’ అన్నది తగిన ప్రశ్న. సాధారణంగా ఉపాధ్యాయుడు చేతులెత్తమంటాడు. ఫోను లేని పిల్ల తల దించుకుంటుంది, లేదా అబద్ధమాడుతుంది. ఆన్‌లైన్ తరగతుల కాలంలో ఈ లెక్క పాఠశాలలకు నిజంగానే అవసరమైంది, అది బహిరంగంగా అడిగిన చోట పిల్లలకు కలిగిన చిన్నతనం ఏ పట్టికలోనూ చేరలేదు. చీటీల పద్ధతిలో సున్నా కలిపిన పిల్ల కూడా అందరిలాగే కొత్త చీటీ రాసి పక్కవారికి అందిస్తుంది. తరగతికి తన లెక్క దొరుకుతుంది, ఆ పిల్ల మర్యాద దక్కుతుంది. గోప్యత అంటే దోషం దాచుకోవడం కాదని చెప్పడానికి ఉపన్యాసం అక్కరలేదు.

మిగిలిన చిక్కు ఒకటి. మొత్తం చెప్పేవాడు మొదటివాడే. అతడు తీసివేతలో తప్పు చేస్తే, లేదా కావాలనే తప్పు చెబితే ఎవరికీ తెలియదు. అందరి వివరాలూ తన దగ్గరకు చేర్చుకుని ఫలితం మాత్రం ప్రకటించే ఏ సంస్థ విషయంలోనైనా ఇదే పరిస్థితి. మరొకరితో, మరొక సంఖ్యతో ఆవృత్తిని మొదలుపెట్టి రెండు మొత్తాలనూ పోల్చవచ్చునని పిల్లలకు తట్టవచ్చు, ఆలస్యంగానైనా. అది తట్టేదాకా ఆగడానికి ఉపాధ్యాయుడికి కాలనిర్ణయపట్టికలో రెండవ పీరియడు కావాలి.